ఇల్లు మారినోడు కొత్త అడ్రసు చెప్పిపోవద్దా?

 పోస్టు కొంచెం పొడుగైతది, ఓపికతోని చదవండి.

మా రూముల ఇద్దరు పోరగాళ్ళు డ్యూటీ దిగినంక ఫోన్ల కంప్యూటర్ పని నేర్చుకుంటున్నరు. ఫ్రీగ దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు, దాన్ని ఎట్ల వాడాల్నో రాసిపెట్టిన పేజీలు, గంతే వాళ్ళ బడి. కోచింగ్ ఫీజులు కట్టే జీతాలా మనయి? మొన్న శుక్రవారం దాచుకున్న లింకులు నొక్కితే ఒక్కటి తెరుచుకోలే. "పేజీ లేదు" అని వచ్చింది. ఆరా తీస్తే, ఆ ప్రాజెక్టోళ్ళు వెబ్‌సైటును కొత్త బిల్డ్ సిస్టంకు మార్చిన్రట. పేజీలు ఎటూ పోలే, అడ్రసులు మారినయి. పాత జాగాల బోర్డు పెట్టలే.

"కాలం మారితే మార్చొద్దా?" అని కొందరు అడుగుతరు. మార్చొద్దని మేము అంటలేము. మామూలు ఫైళ్ళల్ల రాసిన రాతను వెబ్ పేజీలుగ తయారుచేసే మిషన్ లాంటిదే బిల్డ్ సిస్టం. మిషన్ పాతదైతే మార్చాలె. పైథాన్ డాక్యుమెంట్లు ఒకప్పుడు లాటెక్ అనే కష్టమైన పద్ధతిల ఉండె. 2008ల వచ్చిన 2.6 వెర్షన్‌తోని స్ఫింక్స్‌కు మారినయి, రాసుడు సులువైంది. కుబర్నెటీస్ వాళ్ళు 2018ల జెకిల్ ఇడిచి హ్యూగోకు పోయిన్రు. పేజీలు జల్ది తయారైతయి, వేరే వేరే భాషలు పెట్టుకోవచ్చు. ఫ్రీబీఎస్‌డీ వాళ్ళు 2021ల డాక్‌బుక్ నుంచి హ్యూగో, యాస్కీడాక్టర్‌కు వచ్చిన్రు. అన్నీ అక్కరున్న పనులే.

మా కొట్లాట ఒక్కటే. పాత అడ్రసును గాలికి ఇడిచిపెట్టుడు ఎందుకు? హ్యూగోల ఫైలు పైన ఏలియాసెస్ కింద పాత అడ్రసు రాస్తే చాలు, పాత లింకు నొక్కినోన్ని కొత్త పేజీకి తీస్కపోతది. గింత పనికి టైం లేదంటే ఎట్ల? సైటుల మనం బిల్డింగ్ అప్పజెప్పేటప్పుడు ఒక్క తలుపు సరిగ్గ పడకపోయినా కన్సల్టెంటు సంతకం పెడ్తడా? లిస్టు రాసి చేతుల పెడ్తడు. అన్నీ సరిజేస్తెనే పని అయిపోయినట్టు. వీళ్ళకు మాత్రం కొత్త సైటు తెరిచిన నాడే పని అయిపోయిందా?

"పాపం, వాళ్ళు ఫ్రీగ చేస్తున్రు, అడగొద్దు" అనేటోళ్ళు ఉన్నరు. ఫ్రీగ చేసేటోళ్ళకు దండం పెడ్తం. కానీ చందాలతోని కట్టిన గుడికైనా మెట్లు ఉండాలె కద. ఆఫీసుల కూసున్న ఇంజనీరుకు లింకు పోతే పక్కోన్ని అడుగుతడు. క్యాంపుల ఉన్న మా పోరగాళ్ళకు ఆ పేజీ తప్ప అడగనీకె ఎవరున్నరు?

తప్పు మనది కూడా ఉన్నది. లింకు తెరుచుకోకపోతే రెండు తిట్లు తిట్టి పండుకుంటం. చెప్పకపోతే వాళ్ళకెట్ల ఎరుక? కుబర్నెటీస్ సైటుల హిందీ, బెంగాలీ పేజీలు ఉన్నయంటే ఎవరో కూసొని రాస్తెనే వచ్చినయి. తెలుగు కోసం ఇంకెవడో వచ్చి రాస్తడని ఎదురుచూసుడు మన బద్ధకం.

నిన్న రాత్రి పోరగాళ్ళతోని కూసొని, తెరుచుకోని ఆరు లింకులు వరుసగ రాసి, వచ్చిన ఇంగ్లీషులనే ఆ ప్రాజెక్టోళ్ళకు పంపినం. ఇంకా జవాబు రాలే. వస్తే ఇక్కడనే పెడ్తం. రాకపోతే వచ్చే శుక్రవారం మళ్ళ పంపుతం. మీకాడ గిట్లనే తెరుచుకోని లింకులు ఉంటే కింద రాయండి, లిస్టుల కలుపుతం.