సత్ప్రవర్తనను తేల్చవలసింది తీర్పే, అనుమానం కాదు

ప్రయాణికుల ప్రాణమానాలను ఒక అపరిచితుని చేతిలో పెట్టే ముందు ఆ మనిషి ఎటువంటివాడో విచారించడం ప్రభుత్వ బాధ్యత. టాక్సీ నడిపేవారికి మంచి చూపు, ఆరోగ్యం, సత్ప్రవర్తన ఉండి తీరాలన్న నియమాన్ని మేము మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాము. 2014 డిసెంబరులో ఢిల్లీలో టాక్సీ ఎక్కిన ఒక యువతిపై డ్రైవరే అత్యాచారానికి పాల్పడ్డాడు. అతనిపై అంతకు ముందే కేసులున్నాయనీ, అతని సత్ప్రవర్తన పత్రం నకిలీదనీ ఆ తరువాతనే బయటపడింది. రాత్రివేళ ఒంటరిగా ప్రయాణించేవారిలో మన ఆడబిడ్డలు కూడా ఉన్నారు. కనుక తనిఖీయే వద్దనడం మా అభిమతం కాదు.

తనిఖీ దేనిని కొలవాలన్నదే మా ప్రశ్న. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా వాహనం నడపడానికి వైద్య ధ్రువపత్రం తప్పనిసరి. అలవాటు పడిన నేరస్థులను, తాగుబోతులను, మాదకద్రవ్యాలకు బానిసలైనవారిని అనర్హులుగా ప్రకటించే అధికారాన్ని 19వ సెక్షన్ లైసెన్సు అధికారికి ఇచ్చింది. కానీ ముందుగా వారి వాదన వినాలి. కారణాలు లిఖితపూర్వకంగా నమోదు చేయాలి. ఉత్తర్వు అందిన 30 రోజులలో అప్పీలు చేసుకునే హక్కు కూడా ఉన్నది. యాప్ ఆధారిత టాక్సీ సంస్థల కోసం కేంద్రం 2020 నవంబరులో వెలువరించిన మార్గదర్శకాలు, గత 7 సంవత్సరాలలో నిర్దిష్ట నేరాలలో దోషిగా తేలినవారిని డ్రైవర్లుగా చేర్చుకోరాదన్నాయి. ‘దోషిగా తేలినవారు’ అన్న మాటను పాఠకులు గమనించాలి. ఆరోపణకు గురైనవారు అని అందులో లేదు.

ఆచరణలో ఈ తేడా చెరిగిపోతున్నది. విచారణలో ఉన్న కేసు, రాజీపడిన కేసు, కొట్టివేసిన కేసు, నిర్దోషిగా విడుదలైన కేసు అన్నీ ‘కేసు ఉన్నది’ అన్న ఒక్క మాటలో కలిసిపోతే, ఆ మాటతోనే ఒక కుటుంబం పొయ్యి ఆరిపోతుంది. ముస్లింలలో స్వయం ఉపాధిపై ఆధారపడినవారు అధికమని 2006లోనే సచార్ కమిటీ తేల్చింది. అటువంటి ఇండ్లలో డ్రైవింగ్ లైసెన్సు అంటే అన్నం గిన్నె.

హైదరాబాదుకు ఈ అనుభవం కొత్త కాదు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగిన తరువాత అనేకమంది ముస్లిం యువకులు అనుమానంపై నిర్బంధానికి గురైనారు. వారిపై మోపిన ఆరోపణలు న్యాయస్థానాలలో నిలువలేదు. చివరకు 2012లో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే అటువంటి యువకులకు సత్ప్రవర్తన ధ్రువపత్రాలు అందజేయవలసి వచ్చింది. అనుమానాన్ని నడవడికకు కొలమానం చేసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

యోగ్యతతో సంబంధం లేని నిబంధనను ప్రభుత్వం తలచుకుంటే తొలగించగలదు కూడా. రవాణా వాహనాల డ్రైవర్లు 8వ తరగతి చదివి ఉండాలన్న షరతును 2019లో కేంద్రం ఎత్తివేసింది. వెనుకబడిన మేవాత్ ప్రాంతపు డ్రైవర్ల కోసం హర్యానా ప్రభుత్వం కోరిన మీదట అది జరిగింది.

అందువల్ల రాష్ట్ర ప్రభుత్వాలను మేము కోరేవి మూడు. పోలీసు నివేదికలో కేసు ఏ దశలో ఉన్నదో, ఏమని తీర్పు వచ్చిందో స్పష్టంగా వ్రాయాలి. నిరాకరిస్తే కారణం లిఖితపూర్వకంగా తెలపాలి. నిర్దోషులుగా విడుదలైనవారి విషయం పోలీసు రికార్డులలో వెంటనే నమోదు కావాలి.

మన బాధ్యత కూడా మనకున్నది. ఉన్న కేసును దాచవద్దు. ఉద్యోగాల తనిఖీకి సంబంధించి అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు, అభ్యర్థి నిజమే చెప్పాలనీ, యజమాని కూడా కేసు స్వభావాన్ని, ఫలితాన్ని పరిశీలించాలనీ స్పష్టం చేసింది. దళారుల వద్ద పత్రాలు కొనవద్దు. ఒక్క నకిలీ పత్రం నిజాయితీపరులైన వందమందిని అనుమానితులను చేస్తుంది. తీర్పు ధ్రువీకృత నకలును తీసి ఇంట భద్రపరచుకోండి. కంటి పరీక్షను వాయిదా వేయవద్దు. బండి ఎక్కిన ప్రయాణికుడు మన చేతిలోని అమానత్. ఆ అమానత్‌ను కాపాడే డ్రైవరును కాపాడడం ప్రభుత్వం వంతు.