వాసం కొలిచే చేతులు

మేలు మరచినవాణ్ణి 'తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాడు' అంటారు మన పెద్దలు. వాసాలు లెక్కపెట్టడం తప్పే కావచ్చు, వాటిని కొలిచి కోయడం మాత్రం పరిచర్యే! నజరేతువారు యేసు ప్రభువును వడ్లవాడు అన్నారని మార్కు సువార్త (6:3) చెబుతోంది. ఆ ప్రాంతంలో కప్పులు వాలుగా ఉండేవి కావు. దూలాలు అడ్డంగా పరిచి, పైన కొమ్మలు, రెల్లు కప్పి మట్టి మెత్తేవారు. కంటిలో దూలం సంగతి ప్రభువు చెప్పినప్పుడు దాని బరువెంతో విన్నవారికి వేరే చెప్పనక్కర్లేదు.

ఈ కాలంలో వడ్రంగి పనిని పరిచర్యగా చేసి చూపినవాడు అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్. మిల్లార్డ్, లిండా ఫుల్లర్ దంపతులు 1976లో ప్రారంభించిన 'హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ' అనే క్రైస్తవ సంస్థతో కలిసి 1984 నుంచి ఆయన, భార్య రోజలిన్ పేదలకు ఇళ్లు కట్టారు. 2006లో మన దేశంలో లోనావాలా దగ్గర కూడా సుత్తి పట్టారు. 2019లో, 95 ఏళ్ల వయసులో, ఇంట్లో పడి ముఖానికి కుట్లు పడినా నాష్‌విల్‌లో పనికి వెళ్లారు. 2024 డిసెంబరు 29న నూరేళ్ల వయసులో కన్నుమూశారు.

ఆ సేవలో ప్రేమ ఒక్కటే చూస్తే సగమే చూసినట్టు. గోడ కాస్త వంకరైతే సిమెంటుతో సరిచేయొచ్చు. పొట్టిగా కోసిన వాసాన్ని ఏ ప్రార్థన పొడిగించగలదు?

లెక్క చూడండి. ఇల్లు 16 అడుగుల వెడల్పు. కొప్పు గోడల పైనుంచి 6 అడుగుల ఎత్తు. సగం వెడల్పు 8 అడుగులు. ఎనిమిది ఎనిమిదులు 64, ఆరు ఆరులు 36, కలిపితే 100. అంటే గోడ బయటి అంచు నుంచి కొప్పు నడిమికి వాసం సరిగ్గా 10 అడుగులు. అయితే కొప్పున నిలబెట్టే పలక అంగుళంన్నర మందం ఉంటే, అందులో సగం, ముప్పావు అంగుళం, తగ్గించాలి. అదీ వాలు వెంట కాదు, అడ్డంగా కొలిచి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. చూరు పొడవు వేరే కలపాలి. గోడ మీద కూర్చోవడానికి కొట్టే గంటు వాసం మందంలో మూడోవంతు దాటకూడదు. దాటితే చూరు దగ్గర వాసం బలహీనమవుతుంది.

ముందు ఒక్క జత కోసి, పైకెత్తి చూస్తారు. సరిగ్గా కూర్చుంటే ఒకదాని మీద 'నమూనా' అని రాసి, మిగతావన్నీ దానిపెట్టే గీస్తారు. ఇప్పుడే కోసిన వాసం చేతికి దగ్గరగా ఉంది కదా అని దానితో తర్వాతిది గీస్తే? గీతకు అర నూలు తేడా వచ్చినా ఇరవయ్యో వాసానికి పది నూళ్లు, అంటే అంగుళం పావు! ప్రతివాడూ పక్కవాడితో సరిపోయాననే అనుకుంటాడు. మన సంఘాల్లో ఈ తీరు కొత్తదా?

తుపానుల తర్వాత మన సంఘాలూ ఇళ్లు కట్టించాయి, ఇంకా కట్టిస్తాయి. 1977 నవంబరులో దివిసీమను ముంచిన తుపాను మన పెద్దలకు ఇంకా గుర్తే. పెనుగాలి కప్పును కిందికి నొక్కడమే కాదు, చూరు కింద దూరి పైకి లేపుతుంది. అందుకే వాసాన్ని గోడకు ఇనుప పట్టీతో బిగించాలి. పునాదిరాయి మీద పేరు చెక్కించడానికి దొరికే డబ్బు ఈ పట్టీలకూ, అనుభవమున్న వడ్రంగి కూలికీ ఎందుకు దొరకదు? ఆరాధన అయ్యాక వచ్చే యువకులు పది మంది ఉన్నా, గంటు గీసే పని అతనిదే.

ఇక ఆ నమూనా వాసాన్ని పక్కన పారేయరు. చివర్న దాన్నీ పైకెత్తి, మిగతావాటి వరుసలోనే మేకులు కొడతారు.