వాగ్గేయకారులను వాకిట నిలిపితిమి

గడచిన ఉగాది ఉత్సవపు సన్నాహములలో హోసూరునందలి మన సంఘ భవనమున జరిగిన ఒక సంగతి కొందరు పాఠకులకు తెలిసియే యుండును. తెలియనివారి కొరకు క్లుప్తముగా చెప్పుచున్నాము. కళాశాలలో చదువుకొనుచున్న మన పిల్లలు నలుగురు గిటారులు పట్టుకొని వచ్చి, ఉత్సవపు రాత్రి తమకు అరగంట కాలము ఇప్పించవలసినదని కార్యవర్గమును కోరిరి. మచ్చునకు ఒకటి పాడుడనగా, వారిలో ఒక బాలిక కెనడా దేశపు గాయని అవ్రిల్ లవీన్ యొక్క రెండవ ఆల్బమైన 'అండర్ మై స్కిన్' నుండి ఒక ఆంగ్ల గీతమును పాడ నారంభించెను. పాట సగమైనను కాకమునుపే పెద్దలొకరు లేచి, "ఈ అరపులు తెలుగు సంఘములో ఎందుకమ్మా?" అనిరి. "ఇది మచ్చునకే తాతగారూ! ఉగాదికి పాడదలచినవి మేము తెలుగులో కట్టుకొన్న పాటలు" అని ఆ బాలిక ఒక నోటుపుస్తకమును ముందుంచెను. ఆ పుస్తకమును ఎవరును తెరచి చూడలేదు. కోరికను తోసివేసి, ఆ అరగంటను సినిమా పాటలకు అడుగులు వేయు నృత్యమునకు ఇచ్చితిమి.

'ఇచ్చితిమి' అని వ్రాయుటకు కారణమున్నది. ఆనాటి కార్యవర్గములో మేమును కూర్చుండియే యుంటిమి. నోరు మెదపలేదు. ఆ తప్పును దిద్దుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

సరుకును చూడకుండ వెల కట్టువాడు వర్తకుడు కాడు. అందుచేత పిదప ఆ ఆల్బమును తెప్పించుకొని రెండు మారులు ఆసాంతము వింటిమి. దాని పుట్టుక ఎట్టిదో తెలిసికొంటిమి. తెలిసికొన్న కొలది మాకు సిగ్గు కలిగినది.

అవ్రిల్ లవీన్ 1984లో కెనడాలోని ఆంటేరియో రాష్ట్రమున జన్మించి, నపానీ అను చిన్న పట్టణమున పెరిగినది. 2002లో, 17 ఏండ్ల ప్రాయమున, 'లెట్ గో' అను తొలి ఆల్బమును వెలువరించెను. లోకమంతటను అది కోటికి పైగా ప్రతులు చెల్లినది. అందు మిక్కిలి ప్రసిద్ధమైన పాటలు 'ది మేట్రిక్స్' అను ముగ్గురు వృత్తి రచయితల బృందముతో కలిసి కట్టినవి. ఆ రచనలో ఎవరి పాలు ఎంత అను విషయమై తరువాత బృందమువారొక విధముగను, ఆమె మరియొక విధముగను పత్రికలలో చెప్పుకొనిరి. ఆ లెక్కను తేల్చుట మా పని కాదు. ఆ తగవు పిమ్మట ఆమె యేమి చేసినదన్నదే మాకు ముఖ్యము.

ఒక కొట్టునుండి తెచ్చిన సరుకు బాగుగా చెల్లినచో, మరుసటి యేడును ఆ కొట్టుకే పోవుట మా వర్తకుల వాడుక. ఆమె అట్లు పోలేదు. రెండవ ఆల్బమునకు ఆ బృందమును విడిచిపెట్టి, షాంటాల్ క్రెవియాజుక్ అను మరియొక కెనడా గాయనితో కూర్చుండి పాటలు కట్టుకొన్నది. తన వెంట గిటారు వాయించు ఇవాన్ టాబెన్‌ఫెల్డుతోను, మరికొందరితోను కలిసి తక్కినవానిని కట్టినది. 2004 మే నెలలో వెలువడిన 'అండర్ మై స్కిన్'లో 12 పాటలు కలవు. పండ్రెండింటి రచనలోను ఆమె పేరున్నది. అప్పటికామెకు 19 ఏండ్లు. విడుదలకు ముందు అమెరికా, కెనడాలలోని 21 నగరములకు పోయి, అచ్చటి మాల్సులో టిక్కెట్టు లేకుండ గిటారుతో పాడి వినిపించినది. ఆల్బము వెలువడగనే అమెరికా, కెనడా, బ్రిటన్ దేశముల అమ్మకపు పట్టికలలో ప్రథమ స్థానమున నిలిచినది.

ఉన్న మాట దాచరాదు. మొత్తము మీద ఆ ఆల్బము మొదటిదానియంత చెల్లలేదు. విమర్శకులందరును మెచ్చలేదు. కొన్ని పాటలలో వాద్యముల మ్రోత మాటను మ్రింగివేయుచున్నట్లు మాకును తోచినది. అయినను, పరుల చేతిమీదుగా వచ్చిన కీర్తి చాలునని కూర్చుండక, తన మాట తాను వెదకికొనుటకు ఆ పిల్ల నష్టభయమునకు ఒడిగట్టినది. మన పిల్లలు చేసినదియు అదియే. మనము వాకిట నిలిపినదియు దానినే.

ఇక మన పెద్దల ఆక్షేపణలను ఒక్కొక్కటిగా విచారింతము.

మొదటిది, ఇట్టి పాటలవలన పిల్లలు చెడిపోవుదురన్నది. ఈ ఆల్బమునుండి మొట్టమొదట విడుదలైన 'డోంట్ టెల్ మీ' అను పాటలో ఒక యువతి, తన్ను హద్దు మీరి తొందరపెట్టు యువకుని నిలదీసి పంపివేయుచున్నది. మనము ఇంటింట ఆడపిల్లలకు నేర్పదలచిన ధైర్యము అది కాదా? 'నోబడీస్ హోమ్' అను పాట పోదమన్న ఇల్లు లేక దిక్కుతోచక తిరుగు ఒక పిల్ల గోడు. ఇక ఆనాడు మన బాలిక పాడ నారంభించి ఆపివేసిన పాట 'స్లిప్డ్ అవే'. అది ఆ గాయని మరణించిన తన తాతగారిని తలంచుకొని వ్రాసిన పాట. తాతను గూర్చిన పాటను, తాతగారూ అని పిలుచుచున్న పిల్ల పాడుచుండగా, తాతలమే లేచి ఆపివేసితిమి. దాని బదులు మనము వేదిక నెక్కించిన సినిమా నృత్యములోని మాటలను ఆ పెద్దలు తమ మనుమరాండ్ర యెదుట చదివి అర్థము చెప్పగలరా?

రెండవది, గిటారు పరదేశపు వాద్యమన్నది. ఫిడేలు ఏ దేశమునుండి వచ్చినది? ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఆంగ్లేయుల వాద్యమును నేర్చి మన సంగీతమునకు అమర్చిరి. నేడు ఫిడేలు లేని కచేరి యున్నదా? ముత్తుస్వామి దీక్షితులే యూరోపియను బాండు మెట్లకు సాహిత్యము కట్టిరి. వానిని నేటికిని నోటుస్వరములని చిన్నపిల్లలకు నేర్పుచున్నారు. ఆ మహనీయులకు అంటని మైల మన పిల్లల గిటారుకు అంటునా?

మూడవది, వీరి తెలుగు శుద్ధముగా లేదన్నది. ఈ ఆక్షేపణ చేసినవారు పుస్తకము తెరువనైన లేదు. మేము పిదప ఆ బాలిక ఇంటికి పోయి, క్షమాపణ చెప్పుకొని, పుస్తకము అడిగి చూచితిమి. అందు నాలుగు పాటలున్నవి. ఒకటి సిప్కాటు కర్మాగారమునుండి రాత్రి షిఫ్టు ముగించుకొని తెల్లవారుజామున ఇల్లు చేరు తండ్రిని గూర్చినది. మరియొకటి గులాబి తోటలో పూలు కోయు అమ్మమ్మను గూర్చినది. అందలి తెలుగు మన ఇండ్లలోని తెలుగు. నడుమ నడుమ తమిళపు మాట, కన్నడపు మాట దొరలినవి. మన అంగళ్ళలోను, మన వంటయిండ్లలోను దొరలుట లేదా? అయితే ఒక్కటి చూచి మా కన్నులు చెమర్చినవి. నాలుగింటిలో రెండు పాటలు తమిళ లిపిలో వ్రాసియున్నవి. మాట తెలుగు, అక్షరము తమిళము. "మాకు తెలుగు వ్రాయుట ఎవరును నేర్పలేదు మామయ్యగారూ" అని ఆ బాలిక యనినది.

ఆ మాటకు ఎవరు జవాబుదారులు? ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని రాజ్యాంగములోని 350-ఎ అధికరణము చెప్పుచున్నది. అది 1956లో చేరినది. తమిళనాట 2006 చట్టముతో తమిళము పాఠశాలలలో నిర్బంధమైనది. అల్పసంఖ్యాక భాషల సంఘములు న్యాయస్థానములకెక్కినవి. ఆ పోరాటము అవసరమే, సాగవలసినదే. కాని వారమునకు రెండు సాయంకాలములు సంఘ భవనమున పిల్లలకు తెలుగు అక్షరములు దిద్దించుటకు ఏ చట్టము అడ్డు వచ్చినది? ఆ పని చేయనివారము, అక్షరము రాకున్నను పాట కట్టిన పిల్లల భాషాశుద్ధిని తప్పుపట్టుట ధర్మమా?

తన మాటను తానే కట్టి, తన మెట్టున తానే పాడువానికి మన భాషలో ఒక గౌరవనామము కలదు. వాగ్గేయకారుడందుము. ఆ నామమునకు తలమానికమైన త్యాగరాజస్వామి (1767–1847) పుట్టినది తిరువారూరున, జీవించినది తిరువైయారున. చుట్టును తమిళ సీమ. ఆ సీమలో కూర్చుండియే తన ఇంటి భాషయైన తెలుగులో తన హృదయమును పాడుకొనెను. ప్రతి సంవత్సరము ఆయన ఆరాధనకు మనము చందాలెత్తి, దండలు వేయుచున్నాము. ఆ పిల్లలను ఆయనతో సరితూచుట లేదు. అంతటి దుస్సాహసము మాకు లేదు. ఆయన నడచిన త్రోవలో తప్పటడుగులు వేయు పసివారిని త్రోసివేసి, ఆయన పటమునకు దండ వేయుటలో భక్తి ఎంత యున్నదని మాత్రమే అడుగుచున్నాము.

మరియొక సంగతి. ఇదే అవ్రిల్ లవీన్ 2007లో 'గర్ల్‌ఫ్రెండ్' అను పాట పల్లవిని ఎనిమిది భాషలలో పాడి రికార్డు చేసినది. జపాను భాష ఉన్నది, చీనా భాష ఉన్నది. తెలుగు లేదు. 2011 జనగణన ప్రకారము 8 కోట్లకు పైబడి మాట్లాడువారున్నను మన భాష ఆ అంగడి లెక్కకు రాలేదు. ఇందుకు ఆమెను నిందింపము. అంగడి తనకు లాభమున్న చోటికే పోవును. సరిహద్దులలోని మన బ్రతుకును గూర్చి మన పలుకుబడిలో పాడుటకు కెనడానుండియు ఎవరును రారు, హైదరాబాదు చిత్రసీమనుండియు ఎవరును రారు. హోసూరు గులాబి తోటను గూర్చి హోసూరు పిల్లయే పాడవలెను. బళ్ళారిని గూర్చి బళ్ళారి పిల్ల, బరంపురమును గూర్చి బరంపురము పిల్ల, షోలాపురమును గూర్చి షోలాపురము పిల్ల పాడవలెను. వారు పాడనినాడు ఆ బ్రతుకులకు తెలుగులో పాటయే యుండదు.

యువజనులకును ఒక మాట. ఆంగ్ల గీతమును ఆ గాయని ఉచ్చారణతో సహా అనుకరించి చప్పట్లు కొట్టించుకొనుట సులభము. మీ నేర్పు అక్కడ ఆగిపోయినచో ఆ పెద్దల కోపములో కొంత న్యాయమున్నదని మేమే యందుము. ఆమెనుండి నేర్వవలసినది గొంతు కాదు, తెగువ. ఆంగ్లమున విన్నది చాలించి తెలుగున కట్టుడు. తెలుగు అక్షరము నేర్చుకొనుడు. తిరస్కరించిరని గిటారు మూలపెట్టకుడు.

రానున్న సర్వసభ్య సమావేశమున మేము మూడు ప్రతిపాదనలు తెచ్చుచున్నాము. ఒకటి, ప్రతి ఉగాదికి స్వయముగా తెలుగు పాట కట్టినవారికి ఒక గంట కాలము కేటాయింపవలెను. వాద్యమేదైనను ఆక్షేపింపరాదు. రెండు, శని, ఆదివారముల సాయంకాలము సంఘ భవనమున తెలుగు వ్రాత బడి నడుపవలెను. మొదటి సంవత్సరపు పలకలు, పుస్తకములు, ఉపాధ్యాయుని జీతము మేము భరింతుము. మూడు, ఆ నలుగురు పిల్లలను కార్యవర్గము పిలిపించి, పుస్తకము తెరచి, నాలుగు పాటలును కడవరకు వినవలెను. విన్న పిమ్మట నచ్చలేదన్నచో మాకు అభ్యంతరము లేదు.

ఈ ప్రతిపాదనలను ఎదిరింపదలచిన పెద్దలు తప్పక రావలెను. వారి వాదమును ఈ పత్రికలోనే అక్షరము విడువక ప్రకటింతుము. వచ్చునపుడు తమ మనుమలను, మనుమరాండ్రను వెంట తోడ్కొని రావలసినదిగా మాత్రము మనవి. ఆ పిల్లలలో ఎందరు ఈ వ్యాసమును తమంత తాము చదువగలరో ఆనాడు సభలోనే లెక్కింతము.