నలుసు పడిన రోజే చూసేవాళ్లు కావాలి

వరి కోతలు దగ్గరపడ్డాయి. ధాన్యం ధర, తేమ శాతం, గోనె సంచుల గొడవ ఎప్పుడూ ఉండేవే, వాటిపై పోరాటమూ ఉంటుంది. కానీ కోతల కాలంలో ఏటా జరుగుతున్నా మన సమావేశాల్లో చర్చకు రాని నష్టం ఒకటుంది. అది కంటికి తగిలే దెబ్బ.

వరి ఆకు అంచు, వడ్ల ముల్లు, నూర్పిడిలో ఎగిరే తాలు, చెరకు ఆకు. వీటిలో ఏది తగిలినా నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర గీసుకుపోతుంది. ఆ పొరనే కార్నియా అంటారు. చాలాసార్లు గీత దానంతటదే మానుతుంది. ఆకుతోపాటు, మట్టితోపాటు బూజు లోపలికి చేరితే మాత్రం పుండవుతుంది. పుండు మానినా తెల్లమచ్చ మిగులుతుంది. ఊళ్లో దాన్నే పువ్వు పడిందంటాం. శుక్లానికి ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది. పువ్వు ముదిరితే చనిపోయినవారు దానం చేసిన కార్నియా దొరకాలి, దాన్ని అతికించాలి, అది నిలవాలి.

నలుసు పడితే మనవాళ్లు చేసేదేమిటి? ఒకరు నాలుకతో తీస్తారు, ఇంకొకరు చనుబాలు పిండుతారు, మరొకరు ఆముదం వేస్తారు. రెండో రోజు మందుల షాపులో చుక్కల మందు కొంటారు. అందులో స్టిరాయిడ్ ఉంటే ఎరుపూ మంటా తగ్గుతాయి, నయమైనట్టే ఉంటుంది. లోపల బూజు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. పదో రోజుకు పట్నం ఆసుపత్రి. ఇందులో కూలీని తప్పుపట్టి లాభం లేదు. కోతల రోజుల్లో కూలి వదులుకుని, బస్సు చార్జీ పెట్టుకుని, ఒక చిన్న నలుసు కోసం ఎవరు పట్నం పోతారు?

నేపాల్‌లోని భక్తపూర్ ప్రాంతంలో జరిగిన ఒక అధ్యయనం 2001లో ప్రచురితమైంది. కార్నియా గీసుకుపోయిన 442 మందికి మూడు రోజులపాటు మామూలు యాంటీబయోటిక్ లేపనం వేశారు. 96 శాతం మందికి ఏ ఇన్‌ఫెక్షనూ లేకుండా మానింది. దెబ్బ తగిలిన 18 గంటల్లోపు మందు పడిన 284 మందిలో ఒక్కరికీ పుండు కాలేదు. మొదటి రోజే చూడగలిగినవాళ్లు ఊరికి దగ్గర్లో ఉండటం ఎంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది.

అలా చూడగలిగే మనిషి ఆప్టోమెట్రిస్టు. కళ్లజోళ్ల దుకాణదారు వేరు, ఆపరేషన్ చేసే కంటి డాక్టరు వేరు. డిగ్రీ కోర్సు నాలుగేళ్లు, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ వృత్తిని గుర్తించింది. కంట్లో ఒక రంగు చుక్క వేసి నీలి వెలుతురులో చూస్తే గీసుకున్నచోట ఆకుపచ్చగా మెరుస్తుంది. ఆ పరీక్షకు పెద్ద ఆసుపత్రి అక్కర్లేదు. కంటి ఒత్తిడి కొలిచి నీటికాసులను అనుమానించడం, షుగరు ఉన్నవాళ్ల కంటి నరం పొర ఫొటో తీయడం, ఇక్కడ తేలనిదాన్ని ఆలస్యం చేయకుండా పై ఆసుపత్రికి పంపడం కూడా వీరి పనే.

చత్వారం సంగతీ చిన్నదేం కాదు. పురుగుమందు డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు నలభై దాటిన రైతుకూ కనిపిస్తాయి. ఎకరాకు ఎంత కలపాలో రాసిన సన్నని అక్షరాలే కనిపించవు. కాటా మీది అంకె, పాసు పుస్తకంలోని సర్వే నంబరు కూడా అంతే. అస్సాం తేయాకు తోటల్లో నలభై ఏళ్లు పైబడిన కార్మికులకు దగ్గరచూపు అద్దాలు ఇచ్చి చూస్తే, అద్దాలు లేనివారితో పోలిస్తే వాళ్లు కోసే ఆకు ఐదో వంతు పైగానే పెరిగిందని 2018లో వచ్చిన అధ్యయనం తేల్చింది.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు మొదటి విడతలో కోటిన్నర మందికి పైగా పరీక్షలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2019లో అదే పేరుతో పథకం వచ్చింది. ఊళ్లలో లక్షల ముఖాలకు కళ్లజోళ్లు వచ్చాయి. ఆ మేలును కాదనం. కానీ శిబిరం తేదీ చూసుకుని కంట్లో నలుసు పడదు. శిబిరం సర్దుకున్న మర్నాడు ఎక్కడికి పోవాలన్నదే మా ప్రశ్న.

దారి తెలియక కాదు. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ సుమారు యాభై వేల జనాభాకు ఒకటి లెక్కన పల్లె ప్రాంతాల్లో దృష్టి కేంద్రాలు నడుపుతోంది. స్థానిక యువతకే శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టింది. మదురై అరవింద్ ఆసుపత్రి కేంద్రాల్లో రోగి అక్కడే కూర్చుంటే పట్నం డాక్టరు తెరమీద మాట్లాడతాడు. ఆయుష్మాన్ భారత్ కింద ఆరోగ్య కేంద్రాల్లో అందాల్సిన పన్నెండు రకాల సేవల్లో కంటి వైద్యం కూడా కాగితం మీద ఉంది.

ప్రైవేటుగా ప్రాక్టీసు పెట్టుకునే పిల్లలకు ఒక చిక్కుంది. పరీక్ష ఉచితం, రాబడంతా ఫ్రేముల మీదే అయితే, కళ్లజోడు అమ్మడం తప్ప జబ్బు వెతకడం ఎవరికీ గిట్టుబాటు కాదు. అందుకే పరీక్షకే జీతం ఉండాలంటున్నాం. ప్రతి మండలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక ఆప్టోమెట్రిస్టు, శాశ్వత ఉద్యోగంగా, కోతల నెలల్లో ఆదివారం కూడా. ప్రభుత్వం కదిలేదాకా సహకార సంఘాలు ఖాళీగా ఉన్న గదిని ఇవ్వొచ్చు. ఆరు మీటర్ల పొడవుంటే చాలు, అద్దం పెట్టుకుంటే మూడు మీటర్లయినా సరిపోతుంది. మన ఊరి పిల్లలెవరైనా ఈ కోర్సు చదివి ఉంటే సంఘం ముందుగా వాళ్లనే అడగాలి.

గ్రామ కమిటీలు ఈ కోతల్లో కంటి దెబ్బల లెక్క రాయాలి. పేర్లు అక్కర్లేదు. ఏ పనిలో తగిలింది, మొదట ఏం వేశారు, ఎన్నో రోజున ఎవరికి చూపించారు, ఎంత ఖర్చయింది, ఎన్ని రోజుల కూలి పోయింది, చూపు మిగిలిందా. సంక్రాంతిలోపు ఆ కాగితాలు మండల కమిటీకి చేరితే, వాటిని పట్టుకునే జిల్లా వైద్యాధికారి దగ్గరికి వెళ్దాం.