నమ్మకస్తుడైన ప్లంబరు కావలెను

"నమ్మకస్తుడైన ప్లంబరు ఎవరైనా ఉంటే చెప్పండి." మా మలక్‌పేటలో అపార్టుమెంటు సంఘాల సమావేశాలు ఈ మాటతో మొదలై, పాత ప్లంబరును తిట్టుకోవడంతో ముగుస్తాయి. ఈ తిట్లలో నేను పాలుపంచుకోలేను. పనివాళ్ళు దొరుకుతూనే ఉన్నారు. నిలుపుకొనే బుద్ధే మనకు లేదు.

వాళ్ళమీద ప్రధానాభియోగం సామాను కొనుగోలులో కమీషను తింటారని. నిజమే, తింటారు. హార్డ్‌వేరు దుకాణం బిల్లును మాట్లాడకుండా చెల్లించే పెద్దమనిషి, గంటసేపు సంపులో దిగి ఫుట్‌వాల్వు మార్చినవాడి కూలి దగ్గర మాత్రం గీచి గీచి బేరమాడతాడు. గొట్టానికి ధర ఉన్నదని ఒప్పుకొని, చేతికి ధర లేదంటే, ఆ చేయి తన ధరను గొట్టంలోనే కలుపుకుంటుంది. ఇందులో ఆశ్చర్యమేముంది?

మా భవనంలో ఏ వాల్వు తిప్పితే ఏ వరుస ఇళ్ళకు నీళ్ళు ఆగుతాయో ఒక్క ఎలక్ట్రీషియనుకే తెలిసేది. ప్లంబింగు కూడా ఆయనే చూసేవాడు. నక్షా కాగితం మీద లేదు, ఆయన బుర్రలో ఉండేది. నెలకు కొన్ని వందలు పెంచమన్నందుకు సంఘం ఆయనను వదులుకుంది. తరువాత వచ్చినవాడికి ఆటో స్టార్టరు సంగతి తెలియలేదు. సంపులో నీళ్ళు లేకుండానే మోటారు తిరిగి తిరిగి కాలిపోయింది. మిగిల్చామనుకున్నదంతా రీవైండింగు ఖర్చుకే చాలలేదు.

మూసీ దాటితే మల్లేపల్లిలో ప్రభుత్వ ఐటీఐ ఉంది. ఎలక్ట్రీషియను చదువు రెండేళ్ళు, ప్లంబరుది ఏడాది. రాష్ట్రంలోని 65 ఐటీఐలను ఆధునిక సాంకేతిక కేంద్రాలుగా మార్చే పథకానికి 2024 జూన్‌లో ముఖ్యమంత్రి అక్కడే శంకుస్థాపన చేశారు. రోబోలూ, సీఎన్‌సీ యంత్రాలూ నేర్పుతారు. (మంచిదే.) అవి నేర్చిన కుర్రవాడు మన సంపు దగ్గరకు ఏ ఆశతో రావాలి? ఈఎస్ఐ వర్తించాలంటే సాధారణంగా పదిమంది పనివారుండాలి. మన దగ్గర ఒక వాచ్‌మన్, ఊడ్చే అమ్మ, పిలిస్తే వచ్చే ఎలక్ట్రీషియను, అంతే.

"ఎవడో ఒకణ్ణి పిలవండి" అనే అలవాటు ప్రాణాలమీదికి కూడా వస్తుంది. 2025 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మాసబ్‌ట్యాంకులోనూ, మెహదీపట్నం దగ్గరి సంతోష్‌నగర్ కాలనీలోనూ ఇద్దరు పసివాళ్ళు లిఫ్టులలో ఇరుక్కుని మరణించారు. ఆ రెండు భవనాల సంగతి నాకు తెలియదు, మా లిఫ్టు సంగతి తెలుసు: గ్రిల్లు పూర్తిగా మూసుకోకపోయినా కదులుతుంది. చూసి సరిచేసే మనిషి మాకు లేడు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మురుగుకాలువ మరణానికి పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 30 లక్షలకు పెంచింది. అయినా డ్రైనేజీ పొంగిన పూట అడ్డా మీద కనిపించినవాణ్ణి తీసుకురమ్మనేవారు మా సంఘంలో ఇప్పటికీ ఉన్నారు.

నా ప్రతిపాదన ఇది. పక్కపక్కన ఉన్న నాలుగు భవనాలు కలవాలి. భవనానికి ఇరవై ఇళ్ళ చొప్పున ఎనభై. ఇంటికి నెలకు 250 రూపాయలు, ఒక ప్లేటు బిర్యానీ ధర. మొత్తం ఇరవై వేలు: ఒక మనిషికి నెలజీతం, వారానికొక సెలవు. ప్రమాద బీమా పైన వేసుకుందాం.

ఒక పెద్దాయన విని, "అంత జీతమిస్తే మనల్ని లెక్కచేయడండీ" అన్నారు. మోటారు నడపడానికి మనల్ని లెక్కచేయవలసిన అవసరమేమిటో ఆయన చెప్పలేదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో దీన్ని ప్రవేశపెడుతున్నాను. మిత్రులలో ఎవరి భవనాలైనా ఇలా కలిసి మనిషిని పెట్టుకొని ఉంటే, జీతమెంతో, సెలవులెన్నో తెలియజేయగలరు.