దేవుడు వరమివ్వలేదు

భక్తుడు మొరపెట్టుకోవడం, దేవుడు ప్రత్యక్షం కావడం మన సినిమాల్లో కొత్త కాదు. ఇంగ్లీషువాళ్ళూ అటువంటి కథే ఒకటి తీశారంటే నమ్ముతారా? 2009లో వచ్చిన ఆ చిత్రం పేరు "లుకింగ్ ఫర్ ఎరిక్". రచయిత పాల్ లావర్టీ, దర్శకుడు కెన్ లోచ్. కష్టజీవుల బతుకుల్ని తెరమీద చూపించడంలో లోచ్‌ది అందెవేసిన చెయ్యి. ఆయన చిత్రం కదా అని చేతిరుమాలు దగ్గర పెట్టుకుని కూచున్న నన్ను, ఈసారి పడీ పడీ నవ్వించాడు.

ఇందులో భక్తుడు మాంచెస్టరులో ఉత్తరాలు పంచే పోస్టుమాన్ ఎరిక్ బిషప్. దేవుడు ఎరిక్ కాంటొనా. ఈ దేవుడు నిజం మనిషేనండోయ్! ఫ్రాన్సు నుంచి వచ్చిన ఫుట్‌బాల్ ఆటగాడు. 1992లో మాంచెస్టర్ యునైటెడ్ జట్టులో చేరి, 1997లో ముప్ఫై ఏళ్ళకే ఆట చాలించుకున్నాడు. ఆ అయిదు సీజన్లలో జట్టు నాలుగు మార్లు లీగు గెలిచింది. కోపానికి దుర్వాసుడే. 1995లో తనను తిట్టిన ప్రేక్షకుణ్ణి ఎగిరి తన్ని, నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. చిత్రంలో తన వేషం తనే వేశాడు.

పోస్టుమాన్ సంసారం చూస్తే జాలేస్తుంది. రెండో భార్య వెళ్ళిపోతూ తన కొడుకులిద్దర్నీ ఇతని నెత్తిన వదిలింది. వాళ్ళు ఇతని మాట పూచికపుల్లంత కూడా లెక్కచెయ్యరు. మొదటి భార్య లిలీ అంటే ఇప్పటికీ ప్రాణమే. కాని ముప్ఫై ఏళ్ళనాడు పసిబిడ్డతో సహా ఆమెను వదిలి పారిపోయినవాడు ఏ మొహం పెట్టుకుని ఎదటపడతాడు? పోనీ ఆట చూసి మరిచిపోదామా అంటే, స్టేడియం గడప తొక్కి ఏళ్ళయింది. టిక్కెట్టు ధరలు కష్టజీవికి అందేలా లేవు.

ఒక రాత్రి కొడుకు దాచుకున్న గంజాయి కాల్చి, గోడమీది కాంటొనా పటానికి గోడు చెప్పుకుంటూ వుండగా దేవుడు గదిలో ప్రత్యక్షమయ్యాడు!

వరమిచ్చాడా? లేదు. సామెతలు చెప్పాడు. వెంటబెట్టుకుని పరుగెత్తించాడు. ఇష్టంలేని పనికి "కుదరదు" అనడం నేర్పాడు. నాకు నచ్చిన ఘట్టం మరొకటుంది. నీ జీవితంలో అన్నిటికన్న తియ్యని ఘడియ ఏదని భక్తుడు అడుగుతాడు. ఏ గోల్ పేరు చెబుతాడోనని ఒక్కొక్కటే ఊహిస్తాడు. అది గోలే కాదంటాడు కాంటొనా. టాటెన్‌హామ్ మీద ఆడుతూ, తోటి ఆటగాడు ఇర్విన్‌కు అందించిన బంతి అట! అతను అది వృథా చేస్తేనో అంటే, తోటివాళ్ళను నమ్మకపోతే ఆటే లేదని జవాబు.

ఆ మాట విలువ తరవాత తెలుస్తుంది. పెద్ద కొడుకు ఒక రౌడీ పిస్తోలు ఇంట్లో దాచాడు. దాన్ని తిరిగి ఇవ్వబోయిన ఎరిక్‌కు ఘోరమైన అవమానం జరిగింది. లోలోపల కుమిలి, చివరికి తోటి పోస్టుమాన్ల దగ్గర నోరు విప్పాడు. అంతే! అందరూ కాంటొనా మొహం తొడుగులు పెట్టుకుని, బస్సుల్లో దండెత్తి రౌడీ ఇంటిమీద పడ్డారు. ఆ గలాటా నేను చెప్పడం కన్న మీరు చూడడమే బాగుంటుంది.

ఒంటరిగా దెబ్బలు తిన్నవాడు నలుగురిలో గెలిచాడు. మన ఇళ్ళల్లో చూడండి. చేసిన అప్పు, కొడుకు చెడుతిరుగుళ్ళు, ఆఫీసులో పడ్డ మాటలు, అన్నీ మింగి, ఇల్లాలికైనా చెప్పకుండా పరువు కాపాడుతున్నాననుకునే పెద్దమనుషులు ఎందరు! అన్నం సయించడం లేదంటారు గాని, ఎందుకో చెప్పరు. బంతి కాళ్ళ దగ్గరే పెట్టుకుని మైదానమంతా ఒక్కరే పరుగెత్తుతారు.

చిత్రంలో భాష మోటు, బూతులూ వున్నాయి. పిల్లల్ని పక్కన కూచోబెట్టకండి. మీవారిని మాత్రం తప్పకుండా కూచోబెట్టండి.