పాలపంటిలో సీసం లెక్క

పిల్లల పాలపన్ను ఊడితే ఇంటికప్పు మీదికి విసరివేయడం మనకు అలవాటు. అమెరికాలో హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే వైద్యుడు బడిపిల్లల పాలపళ్ళను సేకరించి, వాటిలోని సీసాన్ని కొలిచి, 1979లో ఫలితాలు ప్రకటించారు. సీసం హెచ్చుగా ఉన్న పిల్లలు తెలివితేటల పరీక్షలలో వెనుకబడ్డారు. రక్తంలో చేరిన సీసం ఇంచుమించు నెల రోజులలో సగానికి తగ్గుతుంది; పంటిలోనిది కాల్షియం స్థానాన్ని ఆక్రమించి స్థిరపడిపోతుంది.

నాడు పంటి ముక్కను కరిగించి కొలవవలసి వచ్చేది. నేడు లేజర్ ఉన్నది. కొన్ని నానోసెకన్లే నిలిచే దాని మెరుపు తగిలిన చోట పంటి పదార్థం రవ్వంత, వేలాది డిగ్రీల వేడికి ప్లాస్మాగా మారి వెలుగుతుంది. ఆ వెలుగును వర్ణపటంగా విడదీస్తే కాల్షియం, జింకు, సీసం తమ తమ గీతలతో బయటపడతాయి. ఒక్కొక్క మూలకానికి ఒక్కొక్క గీతల వరుస ఉన్నదని బున్సెన్, కిర్కాఫ్ 1860లోనే చూపియున్నారు. మోతాదు మరీ స్వల్పమైతే, లేజర్ లేపిన ధూళిని మరో యంత్రంలోకి పంపి పరమాణువులను ద్రవ్యరాశిని బట్టి లెక్కిస్తారు.

పాలపంటిలో పుట్టుకనాటి గీత ఒకటి ఉంటుంది. దానికి ముందు పొరలలోని సీసం తల్లి గర్భంలో చేరినది. తరువాతి పొరలలోనిది పుట్టాక వచ్చినది.

ఎక్కడినుండి? బజారులో అమ్మే సుర్మాలలో అనేకం గెలీనా అనే సీసపు ఖనిజం పొడి. పసిబిడ్డ కన్ను నులుముకొని అదే వేలు నోట పెట్టుకుంటుంది. అటువంటి సుర్మా వాడిన ఇంట పన్ను ఊడేదాకా వేచియుండనక్కరలేదు. లేజర్ పరిశోధనశాల పనిముట్టు. వైద్యుని అడిగి బిడ్డ రక్తంలో సీసం పరీక్ష చేయించండి. సుర్మా డబ్బీని కూడా వెంట తీసుకువెళ్ళండి.